హైదరాబాద్ ప్రయాణం: ముందు తిరుగు దారి రాసుకుందాం



ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఏడాదికి ఒకసారైనా హైదరాబాద్ పోని ఇల్లు దొరకడం కష్టం. నాన్నకు గుండె పరీక్షలు, అమ్మకు మోకాలి ఆపరేషన్, బిడ్డకు కౌన్సెలింగ్, కొడుకుకు ఉద్యోగ పరీక్ష, దుబాయ్ పోయే తమ్ముణ్ని శంషాబాద్‌లో దింపి రావడం, పెండ్లి బట్టలు కొనుక్కు రావడం. పని ఏదైనా ఇంట్లో వినిపించే మాట ఒకటే: "తెల్లారగట్ల బయలుదేరితే మాపటికల్లా ఇంట్ల ఉంటం." ఆ ఒక్క మాట మీద ప్రయాణం ఖాయమైపోతుంది. కిరాయి కారుకు ఫోన్ పోతుంది. పులిహోర కలుపుతారు, నీళ్ల సీసాలు నింపుతారు, రాత్రి ఒంటిగంట దాకా ఎవరూ పడుకోరు. మూడింటికి అందరూ బండి ఎక్కుతారు.

ఈ రోజు నేను ఆ మాట గురించే మాట్లాడదలచాను. పోవడం గురించి మనం ఎంతో ఆలోచిస్తాం. ఎన్నింటికి లేవాలి, ఎక్కడ చాయ్ తాగాలి, ఏ దారిన పోవాలి అని నలుగురం కూర్చొని మాట్లాడుకుంటాం. రావడం గురించి మాత్రం ఒక్కరూ అడగరు. పని అయిపోతే వచ్చేస్తాం అనుకుంటాం. ప్రమాదం పొంచి ఉండేది సరిగ్గా అక్కడే. అందుకే నా మనవి ఇది: ప్రయాణం అనుకున్న రోజు ఒక కాగితం తీసుకొని ముందు తిరుగు ప్రయాణం రాయండి. ఎన్నింటికి అక్కడ బయలుదేరతాం? బండి ఎవరు నడుపుతారు? ఆ మనిషి అంతకుముందు ఎన్ని గంటలు నిద్రపోయి ఉంటాడు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాసిన తర్వాతనే పోయే సమయం ఖాయం చేయండి.

అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఈ పనికి కారే కావాలా? మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్, పెద్దపల్లి, రామగుండం వాళ్లకు కాజీపేట మీదుగా సికింద్రాబాద్ పోయే రైళ్లు ఉన్నాయి. మనిషి నడవగలిగితే, సామాను తక్కువుంటే, వాళ్లకు రైలును మించిన ప్రయాణం లేదు. ఆదిలాబాద్‌కు రైలు ఉన్నా అది కిన్వట్, ముద్ఖేడ్ మీదుగా మహారాష్ట్రలో చుట్టు తిరిగి వస్తుంది. కరీంనగర్‌కు హైదరాబాద్‌తో నేరుగా రైలు దారి లేదు. మనోహరాబాద్ నుండి కొత్తపల్లికి వేస్తున్న కొత్త లైను 2023 అక్టోబర్‌లో సిద్దిపేట దాకా వచ్చింది. అది కరీంనగర్‌ను చేరేదాకా మనకు రోడ్డే దిక్కు. రోడ్డు మీద పోవడానికి ఆర్టీసీ బస్సు ఉంది. 2023 డిసెంబర్ నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. పరీక్ష రాసే అమ్మాయి, వెంట పోయే తల్లి ఇద్దరే అయితే బస్సు ఎక్కించండి. రాత్రి మేలుకొని స్టీరింగ్ పట్టుకునే బాధ ఇంట్లో ఎవరికీ ఉండదు. నడవలేని రోగి, చంటిపిల్ల, డయాలసిస్ మనిషి ఉన్నప్పుడు మాత్రం కారు తప్పదు. ఈ ప్రసంగంలో మిగిలిన మాటలన్నీ వాళ్ల కోసం.

మన దగ్గర నుండి హైదరాబాద్‌కు పెద్ద దారులు రెండు. ఆదిలాబాద్ వాళ్లది 44వ నంబరు జాతీయ రహదారి. పెద్దలు ఇప్పటికీ 7వ నంబరు రోడ్డు అంటారు, పాత నంబరు అదే. గుడిహత్నూర్, నేరడిగొండ, నిర్మల్ దాటి, సోన్ దగ్గర గోదావరి దాటి, ఆర్మూర్, ఇందల్వాయి, కామారెడ్డి, రామాయంపేట, తూప్రాన్, మేడ్చల్ మీదుగా సుమారు 300 కిలోమీటర్లు. ఉట్నూర్, ఇంద్రవెల్లి వాళ్లు గుడిహత్నూర్ దగ్గర ఈ దారిలో కలుస్తారు. రెండోది రాజీవ్ రహదారి. రామగుండం నుండి పెద్దపల్లి, కరీంనగర్, సిద్దిపేట, ప్రజ్ఞాపూర్, శామీర్‌పేట మీదుగా సికింద్రాబాద్ చేరుస్తుంది. కరీంనగర్ నుండి సుమారు 165 కిలోమీటర్లు. జగిత్యాల వాళ్లు దానికి మరో 50 కలుపుకోవాలి.

ఈ రెండు దారుల స్వభావం వేరు. 44వ నంబరు రోడ్డు చాలా ఊళ్లను పక్కకు పెట్టి పోతుంది. సాఫీగా ఉంటుంది, మలుపులు తక్కువ. అందుకే డ్రైవర్‌కు నిద్ర ముంచుకొస్తుంది. రాజీవ్ రహదారి ఊళ్లను ఆనుకొని పోతుంది. డివైడర్ మధ్య తెరిచిన చోట ట్రాక్టర్ అడ్డం వస్తుంది, బండి మీద పాలక్యాన్లతో మనిషి ఎదురుగా రాంగ్ రూట్‌లో వస్తాడు, బడి వదిలే సమయానికి పిల్లలు రోడ్డు దాటుతుంటారు. అక్కడ కావలసింది నిద్ర ఆపుకోవడం కాదు, నిదానం. దూరం తక్కువే కదా అని కరీంనగర్ నుండి రెండున్నర గంటల్లో పోవాలని పందెం వేసుకోవద్దు. మూడున్నర గంటలు రాసుకోండి. ఆదిలాబాద్ నుండి మధ్యలో ఆగుతూ పోతే ఆరు గంటలు రాసుకోండి.

ఇక అసలు లెక్కకు వద్దాం. ఆదిలాబాద్‌లో ఒక కుటుంబం అనుకోండి. పంజాగుట్ట నిమ్స్ ఆస్పత్రిలో చూపించాలి. ఓపీ చీటీకి పొద్దున్నే వరుసలో ఉండాలి. అందుకని అర్ధరాత్రి ఒంటిగంటకు బయలుదేరతారు. ఏడింటికి చేరతారు. డాక్టర్ చూసేసరికి పన్నెండు. రక్త పరీక్ష, స్కానింగ్ రాస్తారు. రిపోర్టులు సాయంత్రం వస్తాయి. మళ్లీ డాక్టర్‌కు చూపించి, మందులు కొని, అన్నం తిని బయటపడేసరికి రాత్రి ఎనిమిది. "పోదాం పా, ఇంటికి పోయే పండుకుందాం" అంటారు. ఆ క్షణానికి బండి నడిపే మనిషి నిద్రలేచి దాదాపు ఇరవై గంటలు. ఇంకా 300 కిలోమీటర్లు ఉంది.

ఈ ఇరవై గంటల అర్థం ఏమిటో చెప్తాను. 1997లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఒక ప్రయోగ ఫలితం ప్రచురించారు. వరుసగా 17 గంటలు మేలుకొని ఉన్న మనిషి చేయీ కన్నూ పనిచేసే తీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి తీరుకు సమానమని తేలింది. మన మోటారు వాహనాల చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం దాటితే, అంటే 0.03 శాతం దాటితే, తాగి నడిపినట్టే అంటుంది. అంటే పొద్దున ఐదింటికి లేచిన మనిషి రాత్రి పదింటికి చుక్క ముట్టకపోయినా, చట్టం ఒప్పుకోని స్థితిలో ఉన్నట్టు లెక్క. తాగినవాణ్ని డ్రంకెన్ డ్రైవ్‌లో పట్టుకుంటారు. నిద్రలేనివాణ్ని పట్టుకునే మిషన్ లేదు. ఇంట్లోవాళ్లమే పట్టుకోవాలి.

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. నాలుగు సెకన్లు రెప్ప వాలితే దాదాపు 90 మీటర్లు నడిపేవాడు లేకుండా పోయినట్టు. మధ్యలో రోడ్డు పక్కన ఆగిన లారీ ఉంటే ఆ కారులో ఉన్నవాళ్ల గతి ఏమిటో మన పేపర్లలో జిల్లా పేజీలు చదివేవాళ్లకు తెలుసు. అద్దం దించితే, పాటలు పెడితే, ముఖం కడుక్కుంటే నిద్ర పోదు. కొద్దిసేపు పోయినట్టు అనిపిస్తుంది, అంతే. నిద్రకు మందు నిద్ర ఒక్కటే. దారిలో కన్ను మూతపడుతుంటే బంకులోనో హోటల్ ముందో బండి ఆపి, ఒక చాయ్ తాగి, వెంటనే సీటు వాల్చి ఇరవై నిమిషాలు పడుకోవాలి. చాయ్ ప్రభావం మొదలవడానికి అంత సమయం పడుతుంది. లేచేసరికి రెండూ కలిసి కొంత పనిచేస్తాయి. అది గండం గడవడానికి, రాత్రంతా నడపడానికి కాదు.

అందుకే ఆ ఆదిలాబాద్ కుటుంబం కాగితం ఇట్లా రాసుకోవాలి. ముందురోజు పదకొండింటికి అన్నం తిని బయలుదేరడం. సాయంత్రం ఐదు, ఆరుకల్లా మేడ్చల్, కొంపల్లి వైపు చేరడం. బంధువుల ఇంట్లోనో, చిన్న లాడ్జిలోనో పడుకోవడం. పొద్దున ఐదింటికి లేచి ఆస్పత్రి పని చూసుకోవడం. ఇక ముఖ్యమైన గీత: సాయంత్రం నాలుగు లోపల హైదరాబాద్ దాటగలిగితే ఇంటికి బయలుదేరడం, నాలుగు దాటితే ఆ రాత్రి అక్కడే ఆగడం. నాలుగింటికి బయలుదేరితే పదింటికి ఇల్లు చేరతారు. ఐదింటికి లేచిన మనిషికి అది పదిహేడో గంట. కరీంనగర్, జగిత్యాల వాళ్లు ఆ గీతను ఐదింటికి పెట్టుకోవచ్చు. ఈ గీత ఇంట్లో బయలుదేరకముందే గీయాలి. అలసిపోయి ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నప్పుడు అడిగితే ప్రతి ఒక్కరూ ఇంటికే పోదామంటారు.

బంధువుల ఇంట్లో దిగడానికి మొహమాటం పడేవాళ్లు ఉన్నారు. లాడ్జికి వెయ్యి రూపాయలు దండుగ అనేవాళ్లూ ఉన్నారు. జాతీయ రహదారి మీద 24 గంటల లోపల తిరిగి వస్తే టోల్ కొంత తగ్గుతుంది, దానికోసం కూడా తొందరపడతారు. ఇవన్నీ కలిపినా ఒక ప్రాణం ముందు ఎంత? రోగిని కాపాడుకోవడానికి పోతున్నాం. ఆ ప్రయాణంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లను పోగొట్టుకోవడం కంటే ఘోరం లేదు. ఇంకో మాట. 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండంలో, 2023లో నిర్మల్, ఆసిఫాబాద్, కరీంనగర్, సిరిసిల్లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఆదిలాబాద్ రిమ్స్ అంతకుముందు నుండే ఉంది. హైదరాబాద్ బయలుదేరే ముందు ఆ పరీక్ష ఇక్కడ అవుతుందా అని డాక్టర్‌ను ఒక్కమాట అడగండి. పరీక్షలు ఇక్కడే చేయించుకొని రిపోర్టులు పట్టుకొని పోతే అక్కడ ఒక పూట మిగులుతుంది. ఆ పూటే మిమ్మల్ని పగటి వెలుగులో ఇల్లు చేరుస్తుంది.

ఇప్పుడు శంషాబాద్ ఎయిర్‌పోర్టు ప్రయాణం. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్, ఖానాపూర్ వైపు ఊళ్లలో ఇది ప్రతి వాడకూ తెలిసిన ప్రయాణం. గల్ఫ్‌కు పోయే విమానాలు చాలావరకు రాత్రిపూట, తెల్లవారుజామున ఉంటాయి. తెల్లవారి నాలుగింటి విమానానికి ఒంటిగంటకల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. సాయంత్రం ఆరింటికి ఊళ్లో బండి కదులుతుంది. పోయే మనిషి రెండేండ్లు కనబడడని భార్య, పిల్లలు, తల్లి, అన్నదమ్ములు అందరూ ఎక్కుతారు. అక్కడ కండ్ల నీళ్లు పెట్టుకొని, అతను లోపలికి పోగానే రెండింటికి వెనక్కి తిరుగుతారు. రాత్రి రెండు నుండి పొద్దున ఐదు మధ్య మనిషి ఒంట్లో నిద్ర బలం ఎక్కువ. ఏడ్చి అలసిన కుటుంబమంతా వెనక సీట్లలో నిద్రపోతుంది. ఒక్క డ్రైవరే మేలుకొని ఉండాలి. అతనితో మాట్లాడేవాళ్లు కూడా ఉండరు.

తోబుట్టువును సాగనంపడానికి పోవద్దని నేను అనను. ఆ బాధ ఎంతటిదో మన ఊళ్లకు బాగా తెలుసు. కానీ వీడ్కోలు ఊళ్లోనే తృప్తిగా చెప్పుకోవచ్చు. పొద్దున అందరూ కలిసి భోజనం చేసి, గుడికి పోయి, బస్టాండ్ దాకా పోయి చెప్పుకోవచ్చు. అక్కడి నుండి జూబ్లీ బస్టాండ్‌కు ఆర్టీసీ బస్సు, జూబ్లీ బస్టాండ్ నుండి ఎయిర్‌పోర్టుకు పుష్పక్ బస్సు ఉన్నాయి. అన్నో తమ్ముడో ఒకరు తోడు పోతే చాలు. కారులోనే పోవాలనుకుంటే, దింపిన తర్వాత తెల్లారేదాకా నగరంలోనే ఎక్కడైనా పడుకొని, పొద్దెక్కి టిఫిన్ చేసి రండి. శామీర్‌పేట, మేడ్చల్ నగరానికి ఉత్తరాన, శంషాబాద్ దక్షిణాన ఉంటాయి. మధ్యలో 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డులో దాదాపు సగం చుట్టు తిరగాలి. అర్ధరాత్రి ఖాళీగా ఉన్న ఆ రోడ్డు మీద నిద్రమత్తులో కారు నడపడం మామూలు రోడ్డు మీద కంటే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అక్కడ వేగం మన అదుపులో ఉండదు.

కిరాయి డ్రైవర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అతనూ ఒక ఇంటి కొడుకే. నిన్న రాత్రి ఎవరినో వేములవాడ తీసుకుపోయి ఈ రోజు మన దగ్గరికి వచ్చి ఉండవచ్చు. నిద్ర వస్తోందని చెప్తే కిరాయి పోతుందని భయం. అందుకని అతను చెప్పడు, మనమే అడగాలి. "తమ్మీ, నిన్న రాత్రి బండి నడిపినవా? ఎన్ని గంటలు పండుకున్నవ్?" అని బండి మాట్లాడుకునే రోజే అడగండి. నిజం చెప్పినందుకు కోపం చేయవద్దు, ఇంకో రోజు పెట్టుకోండి, లేదా ఇంకో మనిషిని పంపమనండి. మనం లాడ్జిలో పడుకొని అతన్ని కారులో దోమల మధ్య పడుకోబెట్టడం మన పద్ధతి కాకూడదు. అతనికి మనతో పాటు అన్నం, ఒక మంచం, ఒక ఫ్యాన్ లెక్కలో రాయండి. మన అందరి ప్రాణాలు అతని రెండు కండ్ల మీద ఉన్నాయి.

బండి సంగతి. ఐదు సీట్ల కారులో ఐదుగురే. తుఫాన్ బండి దొరికిందని పదిహేను మందిని ఎక్కించవద్దు. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ రోడ్డు మీద సీట్లకు మించి నిండిన ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. చుట్టుపక్కల పల్లెలు ఇంకా ఆ దుఃఖం మరువలేదు. బరువు పెరిగితే బ్రేకు పట్టే దూరం పెరుగుతుంది, టైరు వేడెక్కుతుంది. కిరాయికి మాట్లాడేటప్పుడు పసుపు నంబర్ ప్లేట్ ఉన్న బండినే మాట్లాడండి. తెల్ల ప్లేటు సొంత బండిని కిరాయికి తిప్పితే, ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు కాదనే అవకాశం ఉంది. రెండు మూడు వందలు తక్కువని ఆశపడితే ఆ నష్టం జీవితాంతం మోయాలి.

సొంత కారు అయితే రెండు రోజుల ముందే మెకానిక్ దగ్గరికి తీసుకుపోండి. స్టెప్నీతో కలిపి ఐదు టైర్ల గాలి, అరుగుదల, బ్రేకులు, ఇంజన్ ఆయిల్, కూలెంట్, వైపర్లు, ముందూ వెనకా లైట్లు చూపించండి. మన వైపు ఎండాకాలం 45 డిగ్రీలు తగులుతుంది. అరిగిన టైరు ఆ తారు రోడ్డు మీద పగలడానికి ఎంతోసేపు పట్టదు. వెనక సీట్లో కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలని చట్టం చెప్తోంది. దాన్ని సీటు కిందికి తోసి కవర్ వేసిన బండ్లే ఎక్కువ. ఈ ప్రయాణానికి ముందు ఆ కవర్ తీసి బెల్టులు బయటికి లాగండి.

డబ్బు లెక్క సులువు. ఆదిలాబాద్ నుండి రానుపోను 600 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే బండికి 40 లీటర్లు. దానికి టోల్ కలపండి: రోల్‌మామడ, గంజాల్, ఇందల్వాయి, భిక్కనూర్, మనోహరాబాద్. రాజీవ్ రహదారి మీద కరీంనగర్ వాళ్లకు రేణికుంట, దుద్దెడ. ఫాస్టాగ్‌లో ముందురోజే డబ్బు వేసుకోండి. 2025 ఆగస్టు 15 నుండి సొంత కార్లకు వార్షిక పాస్ వచ్చింది. మొదలుపెట్టినప్పుడు ధర 3,000 రూపాయలు, ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. నెలనెలా ఆస్పత్రికి పోవలసిన ఆదిలాబాద్, నిర్మల్ వాళ్లకు అది లాభమే. కానీ గుర్తుంచుకోండి, అది జాతీయ రహదారులకే. రాజీవ్ రహదారి రాష్ట్ర రహదారి కాబట్టి అక్కడ ఆ పాస్ చెల్లదు, ఔటర్ రింగ్ రోడ్డు మీద కూడా చెల్లదు.

కాలాన్ని బట్టి కూడా కాగితం మారాలి. వరి కోతలప్పుడు, అంటే అక్టోబర్, నవంబర్‌లో, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో, మన రోడ్ల అంచుల మీద వడ్లు ఆరబోస్తారు. కల్లాలు చాలక రైతు రోడ్డు మీదికి వస్తున్నాడు, అతని కష్టం మనకు తెలుసు. రాత్రి ఆ కుప్పల మీద నల్ల కవర్ కప్పి చుట్టూ రాళ్లు పెడతారు. ఊరి నుండి పెద్ద రోడ్డు ఎక్కే దాకా ఆ పది పదిహేను కిలోమీటర్లలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. అదే సమయంలో ఆదిలాబాద్ వైపు పత్తి బండ్లు మార్కెట్‌కు వస్తాయి, వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు చీకట్లో కనబడవు. రైతు సోదరులకు కూడా ఒక మనవి: కుప్ప చుట్టూ రాళ్ల బదులు ఇసుక సంచులు పెట్టండి, ట్రాలీ వెనక ఎర్ర రేడియం స్టిక్కర్ అంటించండి. డిసెంబర్, జనవరిలో నేరడిగొండ, నిర్మల్ మధ్య అడవి దారిలో మంచు కమ్ముకుంటుంది. పొద్దెక్కి మంచు విడిచిన తర్వాతే అక్కడ బండి పెట్టండి.

వానాకాలంలో బయలుదేరే ముందు వార్తలు వినండి. 2025 ఆగస్టు చివర కామారెడ్డి ప్రాంతంలో కురిసిన భారీ వానలకు 44వ నంబరు రహదారి మీద రాకపోకలు స్తంభించాయి. అట్లాంటప్పుడు ఆదిలాబాద్, నిర్మల్ వాళ్లకు ఇంకో దారి ఉంది: ఆర్మూర్ నుండి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, కరీంనగర్ మీదుగా రాజీవ్ రహదారి. దూరం పెరుగుతుంది, గంటలు పెరుగుతాయి, కాబట్టి మన నాలుగింటి గీత కూడా ఇంకా ముందు గంటకు జరగాలి. వాగు రోడ్డు మీద పారుతుంటే ఎంత లోతో చూద్దామని చక్రం పెట్టవద్దు.

నగరంలో అడుగుపెట్టిన తర్వాత మరో సంగతి. ఉదయం తొమ్మిది నుండి పదకొండు, సాయంత్రం ఆరు నుండి ఎనిమిది కొంపల్లి, సుచిత్ర, అల్వాల్ దారుల్లో బండ్లు చీమల బారులా కదులుతాయి. నగరం తెలియని మనిషికి అక్కడ నడపడం శిక్ష. మెట్రో ఉపయోగించుకోండి. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్టాండ్ పక్కన పరేడ్ గ్రౌండ్ స్టేషన్ నుండి ఎంజీబీఎస్ బస్టాండ్ దాకా మెట్రో మొదలైంది. అక్కడ ఎక్కితే గాంధీ ఆస్పత్రి రెండో స్టేషన్. నిమ్స్‌కు పోవాలంటే పరేడ్ గ్రౌండ్‌లో అమీర్‌పేట వైపు రైలు ఎక్కి, అమీర్‌పేటలో మారితే తర్వాతి స్టేషనే పంజాగుట్ట. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి లక్డీకాపూల్‌లో దిగాలి. స్టేషన్లలో లిఫ్టులు ఉన్నాయి, ముసలివాళ్లకు మెట్లు ఎక్కే బాధ ఉండదు. బండి బంధువుల ఇంటి దగ్గర ఉంటే, డ్రైవర్ ఆ పూటంతా నిద్రపోతాడు. సాయంత్రం మనల్ని క్షేమంగా తీసుకువచ్చేది ఆ నిద్రే.

దారిలో రెండు గంటలకు ఒకసారి ఆగండి. షుగర్ ఉన్నవాళ్లు, కాళ్లు వాచేవాళ్లు కిందికి దిగి పది అడుగులు నడవాలి. ఆడవాళ్లు బాత్రూంకు ఇబ్బందని నీళ్లు తాగడం మానేస్తారు. ముందే ఏ బంకు దగ్గర ఆగుదామో అనుకుంటే ఆ బాధ ఉండదు. సోన్ వంతెన మీద గోదావరమ్మకు నాణెం వేయాలని బండి ఆపేస్తారు. వెనక లారీ వస్తుంటుంది. కూర్చున్న చోటు నుండే దండం పెట్టుకోండి, లేదా వంతెన దాటి కింద ఘాట్ దగ్గరికి పోయి తృప్తిగా కాళ్లు కడుక్కోండి. పిల్లలు వెంట ఉంటే దారిలో చూసే చోటు ఒక్కటి పెట్టుకోండి: పోచంపాడు దగ్గర 42 గేట్ల శ్రీరాంసాగర్, నిర్మల్‌లో పొణికి కర్ర బొమ్మలు, కరీంనగర్‌లో దిగువ మానేరు, సిద్దిపేటలో కోమటి చెరువు. అదీ పోయేటప్పుడే, పగటిపూట. వచ్చేటప్పుడు ఇల్లు తప్ప వేరే పని పెట్టుకోవద్దు.

ఇంత జాగ్రత్తగా పోయినా దారిలో ఇంకొకరి ప్రమాదం కనబడవచ్చు. ఆగండి. 108కి ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీద అయితే 1033కి కూడా చేయండి. కిలోమీటరు రాయి మీద నంబర్ చెప్తే వాళ్లు తొందరగా వస్తారు. ఆస్పత్రికి తీసుకుపోతే పోలీసు కేసులో ఇరుక్కుంటామని భయపడేవాళ్లు ఉన్నారు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్ సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని, సాక్షిగా రమ్మని బలవంతం చేయకూడదు. మొదటి గంటలో అందిన సాయం ఒక ఇంటిని నిలబెడుతుంది.

చివరగా మళ్లీ ఆ కాగితం. మీ ఇంట్లో రాబోయే హైదరాబాద్ ప్రయాణం ఏదో ఇప్పటికే అనుకొని ఉంటారు. ఈ ప్రసంగం అయిపోగానే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి మూడు మాటలు రాయండి: తిరిగి బయలుదేరే గంట, బండి నడిపే మనిషి పేరు, ఆ మనిషి పడుకునే చోటు. ఆ గంట దాటితే ఆగాలని అందరూ ఒప్పుకోండి. "ఏం కాదు, పోదాం పా" అనే మాట ఎవరి నోటి నుండి వచ్చినా, వాళ్లు ఎంత పెద్దవాళ్లయినా, ఆ కాగితం చూపించి ఆపండి. ఇంటి ఆడబిడ్డలు, చదువుకున్న పిల్లలు ఈ పని ముందుకు వచ్చి చేయాలని నా విన్నపం. మన రెండు జిల్లాల వాళ్లందరూ పోయిన పని చేసుకొని క్షేమంగా ఇల్లు చేరాలి.